నీటిలోనే కట్టి ఉంచే ఫైబర్‌గ్లాస్ పడవ అడుగుకు పొక్కులు రాకుండా ఏం చేయాలి?

ఇంతవరకు ట్రైలర్ మీద ఉంచుతూ వచ్చిన ఆరు మీటర్ల ఫైబర్‌గ్లాస్ మోటారు పడవను ఇకపై ఏడాదిలో ఆరేడు నెలలు నీటిలోనే కట్టి ఉంచాలనుకుంటున్నారు. అడుగుకు మంచి వ్యాక్స్ పట్టిస్తే చాలదా, ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెసిన్) పూత నిజంగా అవసరమా, వెనుక భాగంలో ఇప్పటికే కనిపిస్తున్న నాలుగైదు చిన్న పొక్కుల సంగతేమిటి అని అడిగారు. చిన్న జవాబు ముందు చెప్పేస్తాను. వ్యాక్స్ చాలదు. ఎపాక్సీ అవసరమే. అయితే ఆ పొక్కులు ఏమిటో తేల్చుకోకుండా, అడుగు ఎంత పొడిగా ఉందో చూసుకోకుండా ఎపాక్సీ డబ్బా మూత తీయవద్దు. ఇక వివరాలు.

ఫైబర్‌గ్లాస్‌లోకి నీరు చొరదన్న నమ్మకం దగ్గరే చాలామంది పొరబడతారు. పడవ కారదు, అంతవరకు నిజమే. కానీ నీటి అణువులు జెల్‌కోట్‌ను దాటుకుని నెమ్మదిగా లోపలికి పోతూనే ఉంటాయి. అద్దంలా మెరిసే ఆ పై పొర మందం సుమారు అర మిల్లీమీటరు. దాని వెనుక గాజు నార, పాలియెస్టర్ రెసిన్ కలిసి గట్టిపడిన పొరలుంటాయి. ఆ రెసిన్ ఎప్పుడూ నూటికి నూరుపాళ్లు గట్టిపడదు. రసాయన చర్యలో పాల్గొనకుండా మిగిలిపోయిన గ్లైకాల్ అనే ముడి పదార్థం, గాజు నారను చాపలా పట్టి ఉంచేందుకు వాడిన జిగురు, రోలర్‌కు అందక మిగిలిన గాలి బుడగలు లోపల ఉండిపోతాయి. వచ్చిన నీటిలో ఈ గ్లైకాల్, జిగురు కరుగుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ నీరు పాలియెస్టర్ బంధాలనే విడగొట్టి మరికాస్త ఆమ్లాన్ని, మరికాస్త గ్లైకాల్‌ను పుట్టిస్తుంది. అప్పటికి జెల్‌కోట్‌కు బయట పలచని నీరు, లోపల చిక్కని ద్రావణం ఉంటాయి. బడిలో చదువుకున్న ద్రవాభిసరణం ఇక్కడ పని మొదలుపెడుతుంది. జెల్‌కోట్ అర్ధ పారగమ్య పొరలా ప్రవర్తించి బయటి నీటిని లోపలికి రానిస్తుంది, లోపల కరిగిన పెద్ద అణువులను మాత్రం బయటకు పోనివ్వదు. గాలి బుడగ ఉన్న చోట ద్రావణం నిండి, ఒత్తిడి పెరిగి, జెల్‌కోట్ ఉబ్బుతుంది. మనం చూసే పొక్కు అదే.

ఇది ఊహాగానం కాదు. 1980ల్లో అమెరికా కోస్ట్ గార్డ్ నిధులతో రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయంలో పాలియెస్టర్ పడవల పొక్కుల మీద ప్రత్యేకంగా పరిశోధన జరిగింది. నీటిలో కరిగే పదార్థాలు పొరల్లో ఉండిపోవడమే ప్రధాన సమస్య అన్న అవగాహన అప్పటి నుంచి బలపడింది. ఈ లెక్క తెలిస్తే చాలా సందేహాలు వాటంతట అవే తీరతాయి. ఉదాహరణకు, ఉప్పునీటిలో ఉంచితే ఎక్కువ పాడవుతుందేమో అని చాలామంది భయపడతారు. జరిగేది దానికి విరుద్ధం. బయటి నీరు ఎంత పలచగా ఉంటే లోపలికి లాగే బలం అంత ఎక్కువ కాబట్టి నదిలో, సరస్సులో, జలాశయంలో కట్టిన పడవకే ముప్పు ఎక్కువ. నీరు వెచ్చగా ఉంటే ఆ పని ఇంకా వేగంగా సాగుతుంది. నాలుగు గంటలు తిరిగి ట్రైలర్ ఎక్కే పడవ మధ్యలో ఆరిపోతుంది. నెలల తరబడి తేలుతూ ఉండే పడవకు ఆ వ్యవధి దొరకదు. మీ పడవకు ఇన్నాళ్లూ పెద్దగా ఏమీ కాకపోవడానికి కారణం దాని నాణ్యతే అనుకోనక్కరలేదు. ఆరే సమయం దొరకడమూ కారణం కావచ్చు.

వ్యాక్స్ సంగతి ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. వ్యాక్స్ మెరుపునిస్తుంది, మురికి అంటకుండా చూస్తుంది, ఎండకు జెల్‌కోట్ వెలిసిపోకుండా కొంత కాపాడుతుంది. అయితే ఆ పొర అతి పలచన. నిరంతరం నీటిలో ఉంటే కొన్ని వారాల్లో అరిగిపోతుంది. ఉన్నంతకాలం కూడా నీటి అణువును ఆపే శక్తి దానికి లేదు. పైగా రేపు ఎపాక్సీ వేయాలంటే మొదట వదిలించాల్సింది ఆ వ్యాక్స్‌నే.

నాచు, గుల్లలు పట్టకుండా వేసే యాంటీఫౌలింగ్ రంగు కూడా రక్షణ పొర కాదు. అది కావాలనే నెమ్మదిగా కరిగేలా, లేదా నీరు లోపలికి పోయి విషపదార్థాన్ని బయటకు తెచ్చేలా తయారైన రంగు. ఎండు భాగాలకు వేసే మెరుపు పాలియురెథేన్ రంగులు ఇంకా మోసం చేస్తాయి. చూడటానికి గాజులా ఉంటాయి కనుక నీటి కింద కూడా పనికొస్తాయనిపిస్తుంది. వాటిలో చాలావరకు నిరంతరం మునిగి ఉండటానికి తయారైనవి కావు, నీటిగీత కింద వేస్తే రంగే బొబ్బలెక్కుతుంది. డబ్బా మీద ఈ మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదవండి.

ఎపాక్సీ గురించి చెప్పే ముందు ఒక ప్రశ్న. పడవ నీటిలోనే ఉండి తీరాలా? కట్టే చోట పడవను నీటిపైకి ఎత్తిపెట్టే లిఫ్టుకు గాని, పడవ ఎక్కి కూర్చునే తేలియాడే వేదికకు గాని అవకాశం ఉంటే పొక్కుల బెడద దాదాపు ఉండదు, యాంటీఫౌలింగ్ రంగు కూడా అక్కరలేదు. ఆరు మీటర్ల పడవకు ఇది అసాధ్యమైన మాటేమీ కాదు. నన్నడిగితే మొదట దీన్నే పరిశీలించమంటాను. కుదరకపోతేనే మిగతాది.

పడవ తయారీ వివరాలు కూడా ఒకసారి చూడండి. రెసిన్లలో మామూలు ఆర్థోఫ్తాలిక్ పాలియెస్టర్ కంటే ఐసోఫ్తాలిక్ పాలియెస్టర్, దాని కంటే వినైల్ఎస్టర్ నీటికి బాగా తట్టుకుంటాయి. 1980ల చివరి నుంచి చాలామంది తయారీదారులు జెల్‌కోట్ వెనుక మొదటి పొరకు వినైల్ఎస్టర్ వాడటం మొదలుపెట్టారు. మీ పడవకు అది ఉంటే మీరు కొంత నిశ్చింతగా ఉండవచ్చు. కానీ ట్రైలర్ కోసం తయారైన చిన్న పడవల్లో చాలావాటికి అది ఉండదు. రక్షణ పూత లేకుండా నీటిలో వదిలేస్తే పొక్కులకు తమ పూచీ లేదని వాటి గ్యారంటీ పత్రంలో రాసి ఉండటం మామూలే. పత్రం చేతిలో ఉంటే ఆ పేజీ వెతకండి. ఎపాక్సీ వేయడానికి జెల్‌కోట్ గీకితే గ్యారంటీ ఏమవుతుందో కూడా అక్కడే తెలుస్తుంది.

ఇక ఆ నాలుగైదు పొక్కులు. కనిపించిన ప్రతి ఉబ్బూ ద్రవాభిసరణ పొక్కు కాదు. పాత రంగు పొరల మధ్య గాలి గాని నీరు గాని చేరి ఉబ్బితే అది రంగు జబ్బు, జెల్‌కోట్‌కు సంబంధం లేదు. రంగు గీకితే కింద నునుపుగా ఉంటుంది. మీరు వెనుక భాగంలో అన్నారు కనుక, అవి ట్రైలర్ పట్టీలు ఆనే చోట ఉన్నాయేమో చూడండి. ఆ పట్టీల మీద పరిచే తివాచీ గుడ్డ వానకు నాని వారాల తరబడి తడిగా ఉంటుంది. పడవ ఒడ్డున ఉన్నా ఆ రెండు చారలు మాత్రం నీటిలో ఉన్నట్టే లెక్క. పొక్కులు సరిగ్గా ఆ చారల వెంబడి వరుసగా కనిపిస్తే కారణం దొరికినట్టే. మిగతా అడుగంతా బాగుండే అవకాశం ఎక్కువ.

పొక్కు లోపల ఏముందో తెలియాలంటే చిదిమి చూడాలి. రక్షణ కళ్లద్దాలు పెట్టుకోకుండా ఆ పని చేయవద్దు. లోపలి ద్రవం గట్టి ఒత్తిడిలో ఉంటుంది, సూది తగలగానే చిమ్ముతుంది, పైగా అది ఆమ్లం. చేతితొడుగుతో ఆ ద్రవాన్ని రెండు వేళ్ల మధ్య రుద్దండి. జిగటగా, జిడ్డుగా తగిలి, వెనిగర్ వాసన గాని ఘాటైన రెసిన్ వాసన గాని వస్తే అది ద్రవాభిసరణమే. లిట్మస్ కాగితం ఎర్రబడితే సందేహం తీరినట్టే. మామూలు నీరే వస్తే, వాసన లేకపోతే, రంగు పొరల్లో చిక్కిన నీరు కావచ్చు. తర్వాత లోతు చూడండి. జెల్‌కోట్‌కు, మొదటి నార పొరకు మధ్య ఉన్న బఠాణీ గింజంత పొక్కు అందాన్ని చెడగొడుతుందే గాని పడవను బలహీనపరచదు. అరచేతి వెడల్పున ఉబ్బి, చిన్న సుత్తితో తట్టినప్పుడు చుట్టుపక్కల ఖంగుమనే చోట అక్కడ మాత్రం బొదబొదమని మోగితే పొరలే విడిపోతున్నాయని అర్థం. అది ఇంట్లో చేసుకునే మరమ్మతు కాదు, పడవలను పరీక్షించే సర్వేయరును పిలవాల్సిందే.

చిన్నవాటి మరమ్మతు తేలికే, ఓపిక కావాలి. పొక్కు పై కప్పును పూర్తిగా తీసేయండి. గట్టి, ఆరోగ్యకరమైన పొర కనిపించేదాకా గుంటను చెక్కి, అంచులను నిటారుగా వదలకుండా పళ్లెంలా పరచండి. ఆ తర్వాత మంచినీటితో కడగాలి. ఒకసారి కాదు, చాలాసార్లు. వేడినీరైతే మరీ మంచిది. ఈ కడగడాన్నే చాలామంది దాటేస్తారు. గుంటలో మిగిలే గ్లైకాల్ దానంతట అది ఆవిరి కాదు, గాలిలోని తేమను కూడా పీల్చుకుని తడిగానే ఉంటుంది. ఎన్ని వారాలు ఎండలో పెట్టినా గుంట మళ్లీ చెమర్చినట్టు అవుతుంటే, అది ఎండాల్సినది కాదు, కడగాల్సినది. కడిగి, ఆరనిచ్చి, ముందు పలచని ఎపాక్సీతో తడిపి, అది పూర్తిగా గట్టిపడకముందే సిలికా పొడి కలిపి చిక్కబరచిన ఎపాక్సీ లప్పంతో నింపండి. కారు మరమ్మతుకు వాడే పాలియెస్టర్ లప్పం నీటి కింద వద్దు. అది నీరు పీల్చుతుంది, మూడేళ్లలో అదే గుంట మళ్లీ చేతికొస్తుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయం. రక్షణ పూత నీటిని రెండు వైపులా ఆపుతుంది. బయటి నీటిని ఎంత బాగా రానివ్వదో, లోపల ఉన్న తడిని అంత బాగా పోనివ్వదు. తడి గోడకు రంగు వేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. ఇక్కడా అదే. ఖరీదైన ఎపాక్సీ వేశాక కూడా రెండేళ్లకే బొబ్బలెక్కిన పడవల్లో చాలావాటి తప్పు డబ్బాలో ఉండదు. తడి అడుగుకు వేయడంలో ఉంటుంది. అందుకే ఒక ఏడాది నీటిలో ఉంచి చూద్దాం, అవసరమైతే అప్పుడు వేద్దాం అనే ఆలోచన నాకు నచ్చదు. ఇవాళ మీ పడవ అడుగు బహుశా పొడిగా ఉంది. ఒక సీజను నీటిలో నానిన తర్వాత దాన్ని ఈ స్థితికి తేవడానికి నెలలు పట్టవచ్చు. ఇప్పుడున్న పొడిదనాన్ని ఊరికే పోగొట్టుకోవద్దు.

పొడిగా ఉందో లేదో తెలుసుకోవడానికి తేమ మీటరు ఉంటుంది. దాని అంకెను శాతంగా చదవకండి, ఆ అంకె పోల్చుకోవడానికే పనికొస్తుంది. నీటిగీతకు బాగా పైన, ఎప్పుడూ తడవని చోట కొన్ని రీడింగులు తీసుకుని, అడుగు రీడింగులను వాటితో పోల్చండి. రెండూ దగ్గరగా ఉంటే మంచిది. రాగి కలిసిన పాత యాంటీఫౌలింగ్ రంగు, లోపలి వైపు ఉన్న లోహపు ట్యాంకు, పడవ అడుగున నిలిచిన నీరు, పైన పేరుకున్న ఉప్పు, ఇవన్నీ మీటరును తప్పుదారి పట్టిస్తాయి. మీటరు లేకపోతే ఒకటిన్నర అడుగుల చదరపు పారదర్శక ప్లాస్టిక్ ముక్కలను అడుగుకు అక్కడక్కడ పెట్టి, నాలుగు వైపులా గాలి చొరకుండా టేపుతో అతికించి, ఒకటి రెండు రోజులు ఉంచండి. లోపలి వైపు చెమ్మ పడితే ఇంకా ఆరాలి. పాత పద్ధతే అయినా మోసం చేయదు. ఒక్కచోట కాక, ముక్కు దగ్గర, మధ్యలో, వెనుక, ట్రైలర్ పట్టీల చోట కూడా పెట్టండి.

తడి బయటి నుంచే వస్తుందనుకోవద్దు. పడవ లోపలి అడుగుకు సాధారణంగా జెల్‌కోట్ ఉండదు, నార పొర దాదాపు బట్టబయలుగా ఉంటుంది. అక్కడ వాన నీరు నెలల తరబడి నిలిస్తే బయటి నీటి కంటే తేలికగా లోపలికి ఇంకుతుంది. వాన నీరు మంచినీరు కూడా, అంటే పైన చెప్పిన లెక్క ప్రకారం మరీ చెడ్డది. బయట వేలు ఖర్చుపెట్టి పూత వేయించి, లోపల చెంబెడు నీరు నిలవనిచ్చే యజమానులను చూస్తే నాకు విసుగు. పడవను ట్రైలర్ మీద ముక్కు కొంచెం పైకి ఉండేలా ఎత్తి, వెనుక బిరడా తీసేసి, లోపలి మూతలు తెరిచి గాలి ఆడనివ్వండి. నీటిలో ఉన్నన్నాళ్లూ పైకప్పు గుడ్డ సరిగా ఉండాలి, పంపు పనిచేయాలి, పంపు అందుకోలేని చివరి గిన్నెడు నీటిని స్పాంజితో తీసేయాలి.

పొడిదనం కుదిరాక పడవను ఒకసారి నీటిలో తేల్చి చూడండి. ట్యాంకు నిండా ఇంధనం, మామూలుగా ఎక్కే సామాను అన్నీ ఉన్నప్పుడు నీరు ఎంతవరకు వస్తోందో పెన్సిలుతో గుర్తు పెట్టండి. పూత ఆ గీత కంటే మూడు నాలుగు సెంటీమీటర్లు పైకి ఉండాలి. సగం ట్యాంకుతో గీసిన గీత తర్వాత మునిగిపోతుంది, అక్కడ పట్టీలాగా జెల్‌కోట్ బయటపడి ఉంటుంది.

తయారీ పనిలో వరుస ముఖ్యం. మొదట వ్యాక్స్ తీయాలి, ఆ తర్వాతే గరుకు పట్టాలి. తలకిందులుగా చేస్తే ఉప్పుకాగితం ఆ వ్యాక్స్‌ను గీతల్లోకి నూరి పెడుతుంది, ఆ తర్వాత ఏ ద్రావకంతో తుడిచినా పోదు. వ్యాక్స్ తీసే ద్రావకంలో ముంచిన గుడ్డతో కొంచెం మేర తడిపి, అది ఆరకముందే రెండో పొడి గుడ్డతో తుడిచేయాలి. గుడ్డలు తరచూ మార్చండి, లేకపోతే వ్యాక్స్‌ను ఇక్కడి నుంచి అక్కడికి పూయడమే అవుతుంది. పని అయిందో లేదో నీటితో తెలుస్తుంది. అడుగు మీద నీళ్లు చల్లితే బొట్లుబొట్లుగా విడిపోకుండా ఒకే రేకులా పరుచుకుంటే వ్యాక్స్ పోయింది. ఆ తర్వాత 80 నంబరు ఉప్పుకాగితంతో మెరుపు పూర్తిగా పోయేదాకా రుద్దండి. జెల్‌కోట్ పలచబడిపోయేంతగా కాదు, మెరుపు చచ్చేంత వరకే. ఇసుకను గాలితో కొట్టించే పద్ధతి వైపు వెళ్లవద్దు, జెల్‌కోట్ నిండా గుంటలు పడతాయి.

పాత యాంటీఫౌలింగ్ రంగు ఉంటే దాన్ని పొడిగా రుద్దకండి. ఆ దుమ్ము విషం. తడిపి రుద్దాలి, ముఖానికి సరైన మాస్కు ఉండాలి. బాగా పాత పడవల్లో తగరపు సమ్మేళనాలున్న పొరలు కూడా అడుగున మిగిలి ఉండవచ్చు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో చేసుకున్న ఒప్పందం 2008లో అమల్లోకి వచ్చి వాటిని నిషేధించిందంటేనే అవి ఎంత ప్రమాదకరమో తెలుస్తుంది. ఎపాక్సీ కూడా చర్మానికి పడదు. ఒకసారి ఎలర్జీ మొదలైతే జీవితాంతం వదలదు, కాబట్టి చేతితొడుగులు మరవద్దు.

పూతకు రెండు దారులున్నాయి. పడవల కోసమే అమ్మే రెండు డబ్బాల ఎపాక్సీ బారియర్ ప్రైమరు ఒకటి. ఇందులో అభ్రకం వంటి పలుచని రేకుల పొడి కలుపుతారు. ఆ రేకులు ఒకదాని మీద ఒకటి పరుచుకోవడం వల్ల నీటి అణువు నేరుగా పోలేక చుట్టూ తిరిగి పోవాల్సి వస్తుంది. రెండోది ద్రావకం లేని ఎపాక్సీ రెసిన్‌ను, తగిన పొడి కలిపి, నేరుగా రోలరుతో వేయడం. దాని రక్షణ గొప్పదే, కానీ నిలువు గోడ మీద జారుతుంది, గిన్నెలో వేడెక్కి గట్టిపడుతుంది, పొర పొరకూ రుద్దుడు ఉండవచ్చు. మొదటిసారి చేసుకునేవారికి మొదటి దారే మేలు.

ఎన్ని పొరలు అని అందరూ అడుగుతారు. పొరల లెక్క అసలు ప్రశ్న కాదు, ఆరిన తర్వాత మిగిలే మందమే లెక్క. బారియర్ ప్రైమర్లకు సాధారణంగా చెప్పే కనీస మందం 250 మైక్రాన్లు, అంటే పావు మిల్లీమీటరు. నేరుగా రెసిన్ వేసే పద్ధతిలో 500 మైక్రాన్ల దాకా చెబుతారు. మీ పడవకు లెక్క వేసి చూద్దాం. నీటిగీత వెంబడి పొడవు 5.5 మీటర్లు, వెడల్పు 2.3, మునిగే లోతు 0.4 అనుకుందాం. మోటారు పడవకు పొడవును వెడల్పు, లోతుల మొత్తంతో గుణిస్తే అడుగు వైశాల్యం ఉజ్జాయింపుగా వస్తుంది. 5.5ను 2.7తో గుణిస్తే దాదాపు 15 చదరపు మీటర్లు. దాని మీద పావు మిల్లీమీటరు ఎండు పొర అంటే మూడుముప్పావు లీటర్ల ఎండు పదార్థం. డబ్బాలో ఘనపదార్థం 50 శాతమే ఉంటే ఏడున్నర లీటర్ల రంగు కావాలి. రోలర్లలో, ట్రేలలో పోయేది కలిపి తొమ్మిది లీటర్లు తెచ్చుకోండి. తెచ్చినది మిగిలిపోతే ఆనందించకండి. పూత పలచగా పడిందని అర్థం. అది మిగలకుండా ఇంకో పొర వేయండి.

పొర మందాన్ని పని మధ్యలో కొలవడానికి పళ్ల దువ్వెనలాంటి చిన్న తడిమందం గేజి దొరుకుతుంది, చాలా చవక. ఒక పొర బూడిద రంగు, తర్వాతి పొర తెలుపు, ఇలా మార్చి వేస్తే ఎక్కడ తప్పిపోయిందో కంటికి కనిపిస్తుంది. అంచులు, మూలలు, అడుగు మధ్య గీత వెంట రంగు తనంతట తానే పలచబడుతుంది, అక్కడ బ్రష్షుతో అదనంగా వేయాలి. ట్రైలర్ పట్టీలు ఆనిన చోట్లు మరో సమస్య. పడవను కొంచెం ఎత్తి పట్టీలు జరపకుండా పూర్తిచేసిన పని పూర్తికానట్టే. అక్కడ రెండు పొరలు పడి మిగతా చోట అయిదు పడితే పొక్కులు ఎక్కడ వస్తాయో ముందే చెప్పవచ్చు.

వాతావరణం మాట. పది డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉన్నప్పుడు ఎపాక్సీ సరిగా గట్టిపడదు. అడుగు ఉపరితలం గాలి తుషార స్థానం (గాలిలోని తేమ నీటిబిందువులుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉండాలి, లేకపోతే కంటికి కనిపించని చెమ్మ పొర మీద రంగు వేసినట్టవుతుంది. సాయంత్రం చల్లబడే వేళ కంటే ఉదయం తేమ ఆరాక మొదలుపెట్టడం మంచిది. మండే ఎండ కూడా పనికిరాదు. పై చర్మం త్వరగా కట్టి లోపలి ద్రావకం బయటకు పోలేదు. ఆ చిక్కుకున్న ద్రావకంలో నీటిలో కరిగే రకాలు ఉంటాయి కనుక, మొదట చెప్పిన కథ ఈసారి జెల్‌కోట్ బదులు కొత్త ఎపాక్సీలోనే మొదలవుతుంది. పొరకు పొరకు మధ్య డబ్బా మీద రాసిన కనీస సమయం ఆగాల్సింది ఇందుకే. గరిష్ఠ సమయం కూడా రాసి ఉంటుంది. అది దాటితే మళ్లీ రుద్దక తప్పదు.

రాత్రంతా ఆరిన ఎపాక్సీ మీద కొన్నిసార్లు నూనె రాసినట్టు జారుడు పొర కనిపిస్తుంది. ఎపాక్సీని గట్టిపరిచే హార్డెనర్ గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి ఏర్పడే పొర అది. థిన్నరుతో తుడిస్తే పోదు. మామూలు మంచినీటితో, గరుకు పీచుతో కడిగితే పోతుంది. కడగకుండా రుద్దితే ఉప్పుకాగితం జిగురుగా చుట్టుకుంటుంది, పై పొర పట్టదు.

చివరి ఎపాక్సీ పొర మీద మొదటి యాంటీఫౌలింగ్ పొర ఎప్పుడు వేయాలన్నది సమయం చూసి చేసే పని. బొటనవేలితో నొక్కితే జిగటగా తగలాలి, వేలికి రంగు అంటకూడదు. ఆ క్షణంలో వేస్తే రెండు పొరలూ రసాయనికంగా కలిసిపోతాయి. మర్నాటికి వాయిదా వేస్తే గట్టిపడిన ఎపాక్సీని మళ్లీ అడుగంతా రుద్దాలి. కాబట్టి చివరి రోజున సాయం చేసే మనిషి ఒకరు తోడుంటే మంచిది. యాంటీఫౌలింగ్ ఎపాక్సీని పూర్తిగా, పై అంచు దాకా కప్పేయాలి, ఎందుకంటే ఎపాక్సీ ఎండకు సుద్దలా పొడి రాలుతుంది.

మీ పడవకు వెనుక అల్యూమినియం డ్రైవు గాని ట్రిమ్ రేకులు గాని ఉంటే వాటికి రాగి కలిసిన యాంటీఫౌలింగ్ రంగు తగలనివ్వవద్దు, వాటికి వేరే రకం ఉంటుంది. వెనుక పలకలో లోతు మీటరు కోసమో మరేదానికో కొట్టిన స్క్రూ రంధ్రాలు నీటిగీత కింద ఉంటే ఒక్కొక్కటీ విప్పి, లోపలి చెక్క తడిగా లేదని చూసుకుని, ఎపాక్సీ పట్టించి, పాలియురెథేన్ సీలెంటుతో మళ్లీ బిగించండి. వెనుక పలకలోని చెక్క ఒకసారి నానితే పొక్కుల గురించి బాధపడే పని ఉండదు, అంతకంటే పెద్ద బాధ వస్తుంది.

పూత మొత్తం అయ్యాక నీటిలో దింపడానికి తొందరపడకండి. యాంటీఫౌలింగ్ ఆరడం వేరు, కింద ఎపాక్సీలోని ద్రావకం పూర్తిగా బయటకు పోవడం వేరు. డబ్బా మీద దింపే కనీస సమయం ఉంటుంది. చల్లని రోజులైతే దానికి ఇంకొన్ని రోజులు కలపండి. సీజను చివర పడవను బయటకు తీసిన గంటలోపే, అడుగు ఇంకా తడిగా ఉండగానే, టార్చిలైటును అడుగుకు దాదాపు ఆనించి పక్క నుంచి వెలుగు పడేలా పట్టుకుని పొడవునా చూడండి. చిన్న పొక్కులు నిటారు వెలుగులో కనిపించవు, కొన్ని ఆరేకొద్దీ అణిగిపోతాయి కూడా. కనిపించిన ప్రతిదాని చుట్టూ మైనపు పెన్సిలుతో గీసి, ఫోటో తీసి తేదీ రాసుకోండి. వచ్చే ఏడాది అదే చోట అదే పరిమాణంలో ఉంటే ఆ ఒక్కదాన్ని తెరిచి కడిగి నింపితే సరిపోతుంది. సంఖ్య పెరుగుతుంటే మీటరు పట్టుకుని మళ్లీ మొదటి నుంచి రండి. పాత పూతను తీసి, అడుగును కడిగి ఆరబెట్టనిదే దాని మీద ఇంకో పొర వేయకండి.